వంగని గొట్టం

ఆ వేళ ఫణీంద్రకి ప్రాణం విసిగిపోయింది. పెద్దాసుపత్రిలో రోగుల పెద్దపేగు చివరి భాగాన్ని గొట్టం పెట్టి పరీక్షించే కుర్ర డాక్టరు అతను. మెత్తగా వంగే కొత్త గొట్టం రిపేరుకి వెళ్ళింది. ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. మిగిలింది పాత స్టీలు గొట్టం. అది వంగదు, జానెడు మించి లోపలికి పోదు.

పొద్దున్నుంచీ రోగుల కేకలే. ఆఖరికి సూరప్పడనే ముసలి జాలరి సగంలోనే బల్ల దిగి పంచె చుట్టుకున్నాడు. నెలల తరబడి నెత్తురు పోతున్న మనిషి.

"నానొల్లను బాబూ. సచ్చిపోతే సచ్చిపోతాను," అంటూ వరండాలో బెంచీ మీద కూలబడ్డాడు. కొడుకు ఆటో కోసం వెళ్ళాడు. ఆటో ఎక్కితే ఈయన మళ్ళీ రాడని ఫణీంద్రకి తెలుసు.

గదిలో ఓ మూల అతని గురువు గంగాధరాచారి గారు టీ తాగుతున్నారు. రిటైర్మెంటు దగ్గరపడ్డ సర్జను, మాట పొదుపు.

"నా వల్ల కాదు సార్. వంగే గొట్టమైతే ఇంకా లోపలిదాకా చూడొచ్చు, బాధా తక్కువ. ఈ ఇనపముక్కతో ఎవరికి న్యాయం చేస్తాం?"

"అదే మేలు, కాదన్నదెవరు? బల్లెక్కు."

"సార్?"

"ఎక్కవయ్యా. బట్టలు విప్పక్కర్లేదులే."

రోగులు వంగినట్టే మోకాళ్ళ మీద వంగి, దిండులో మొహం పెట్టాడు ఫణీంద్ర. ఆచారి గారు ఏమీ చెయ్యలేదు, మాట్లాడలేదు. తలుపు బార్లా తెరిచే ఉంది. ఎవరో తొంగిచూసి, "కట్లు కట్టే గది ఇదేనాండీ?" అని అడిగి వెళ్ళారు. ట్రేలో ఏదో ఠంగుమంది. అడుగుల చప్పుడు వెనక్కి వచ్చి ఆగింది. ఫణీంద్రకి ఒళ్ళంతా బిగుసుకుపోయింది. ఏడుపొచ్చేంత సిగ్గేసింది.

"నా చేతిలో ఉన్నది ఏ గొట్టం?" అన్నారు ఆచారి గారు.

"తెలీదు సార్," అన్నాడు దిండులోంచి.

ఫణీంద్ర బల్ల దిగి వరండాలోకి వెళ్ళాడు. బెంచీ పక్కన కింద కూర్చుని, "తాతా, ఒక్కసారి. ఏం చేసేదీ ముందే చెబుతాను. ఆపమంటే ఆపేస్తాను," అన్నాడు. ఆటో వచ్చింది. కొడుకు దాన్ని ఆగమన్నాడు.

ఈసారి తలుపు మూశాడు, తెర లాగాడు. గొట్టాన్ని వేణ్నీళ్ళలో ఉంచాడు. ముసలాయన నడుం మీద చెయ్యి వేసి, ఒళ్ళు వదులయ్యేదాకా ఆగాడు. జానెడు లోపలే పుండు కనబడింది. ఇంకా చిన్నదే. ఆచారి గారు కూడా వంగి చూసి తలాడించారు.

దిండులోంచి సూరప్పడు అడిగాడు.

"గొట్టం మార్సీసినావేటి బాబూ?"