నక్క పాతర, బొల్లి చెలమ

వేసవి వచ్చిందంటే ఆ వాగులో పైకి కనిపించేది ఇసుకే. నీళ్ళు కావాలంటే పశువైనా, అడవి జంతువైనా ఇసుకలో గుంట తవ్వుకోవాలి. ఆ గుంటనే చెలమ అంటారు. పొద్దున్నే పాత నీళ్ళు చిమ్మేసి, కొత్తగా ఊరినవి తాగడం అక్కడి ఆనవాయితీ.

బొల్లి అనే గేదె ఆ ఏడు చెలమ దగ్గర కుదురుగా నిలబడింది లేదు. నీళ్ళు నీచుకంపు కొడుతున్నాయి. తాగినప్పుడల్లా దూడ పారుకుంటోంది. దాని డొక్కలు లోపలికి పోయాయి. బొల్లి నీళ్ళు వాసన చూసేది, దూడను నాకేది, మళ్ళీ నీళ్ళ దగ్గరికి వచ్చేది. మేత మీద ధ్యాసే లేదు.

వాగుకు ఎగువన గుంటనక్క కాపురం. ఊరి చివర కోళ్ళ కొట్లవాళ్ళు పారేసే పేగులూ తోళ్ళూ మోసుకొచ్చి, తర్వాత తినొచ్చని ఇసుకలో పాతిపెట్టుకునేది. తినేది కొంత, కుళ్ళేది ఎక్కువ. తను తాగే చెలమ మాత్రం ఆ పాతరకు ఇంకా పైన తవ్వుకుంది.

బొల్లి వెళ్ళి మొరపెట్టుకుంటే నక్క తాపీగా ఒళ్ళు విరుచుకుంది.

"సరిగ్గా తోడడం లేదేమో వదినా. బాగా తోడు, మంచినీళ్ళు అవే వస్తాయి."

బొల్లి నమ్మింది. ఆ రోజంతా గిట్టలతో చిమ్ముతూనే ఉంది. చిమ్మేకొద్దీ కంపు పెరిగింది, నీళ్ళ మీద జిడ్డు తేలింది. దూడ కాళ్ళు మడిచి పడుకుంది, తనంతట తాను లేవలేకపోయింది.

చెలమ అంచున తడి ఇసుకలో ఉండే ముసలి పీతకు ఈ గోలతో చిర్రెత్తింది. బయటికొచ్చి చీవాట్లు పెట్టింది. ఇసుక కింద నీళ్ళు కదులుతూనే ఉంటాయట. ఇక్కడ ఖాళీ చేస్తే పైనుంచి వచ్చి నింపుతాయట. అంటే బొల్లి తోడినకొద్దీ నక్క పాతరలోని కుళ్ళు దూడ నోటి దగ్గరికి వస్తోంది. ఇసుకలో కంటికి కనపడని పురుగులుంటాయి, అవి కుళ్ళును తిని నీటిని బాగు చేస్తాయి, కానీ వాటికి గాలి కావాలి, గడువు కావాలి, మీద మీద కుక్కితే అవి మాత్రం ఏం చేస్తాయని పీత విసుక్కుంటూ లోపలికి పోయింది.

బొల్లి దూడను ముట్టెతో నెట్టి లేపి ఎగువకు నడిపించింది. నక్క అప్పుడే ఇంకో పేగుల మూట పాతుతోంది. విషయం వినగానే పళ్ళికిలించింది.

"ఆ పురుగుల సంగతి నాకు తెలియనిదా? నేలతల్లి వదినా. ఎంత పాతినా కడిగేస్తుంది."

బొల్లి దూడను ఇంకా పైకి, నక్క తాగే చెలమ దగ్గరికి తోలింది. అందులో దూడను తాగనిచ్చింది. తర్వాత ఆ చెలమకు నాలుగడుగులు పైకి వెళ్ళి, ఇసుకలో కూలబడి, మందను పిలిచింది. గట్టు మీద నల్లటి వీపులు కదిలాయి.

నక్క తోక దిగింది. "అక్కడేం చేస్తున్నావు?"

"మడుగు చేసుకుంటున్నాం మరిదీ. ఇకనుంచి మందంతా ఇక్కడే పొర్లుతుంది. పేడా ఇక్కడే, ఉచ్చా ఇక్కడే."

"నేను తాగే నీళ్ళు మీ కిందే ఉన్నాయి కదా."

"నేలతల్లి కదా, కడిగేస్తుంది."

"కడిగేదాకా నేనేం తాగాలి?"

"నా దూడ అడుగుతున్నదీ అదే," అంది బొల్లి.

నక్క గట్టు వైపు చూసింది. ముందున్న దున్నపోతు అప్పటికే వాగులోకి దిగింది.

నక్క పాతర తవ్వడం మొదలుపెట్టింది. కుళ్ళినదాన్ని నోట కరుచుకుని, వాగుకు దూరంగా ఉన్న రాతిగుట్ట మీదికి మోసింది. కాకులు దాని వెంటపడ్డాయి. అది చూసి మంద మడుగు మాట మానుకుని నక్క చెలమలోనే తాగసాగింది. మధ్యలో నక్కకు దాహమై వస్తే, తన చెలమ దగ్గరే తను మంద వెనకాల నిలబడాల్సి వచ్చింది. దిగువ చెలమను ఎవరూ తోడలేదు. వానలు పడేదాకా దాని కంపు పోలేదు.

నేల మురికిని అరిగించుకునే మాట నిజమే, ఆ పని మొదలయ్యేది మాత్రం మనం పాతడం మానాకే.