గవరమ్మ దాచిన వడగళ్ళు

అనగనగా ఒక కొండ అడవిలో, వేసవి వస్తే నేల మీద కాలు పెట్టలేనంత ఎండ కాసే చోట, గవరమ్మ అనే ఎలుగుబంటి ఉండేది.

గవరమ్మ చేతి టీ అంటే ఆ అడవిలో అందరికీ ఇష్టం. అడవిలో టీ ఏమిటమ్మా అని మీరు అడుగుతారు, నాకు తెలుసు. ఆ కొండ పైన ఎప్పుడో ఎవరో వేసి వదిలేసిన తేయాకు తోట ఒకటి ఉంది. గవరమ్మ అక్కడి లేత ఆకు కోసి, నలిపి, ఎండబెట్టి దాచుకునేది. జంతువులకి నిప్పంటే భయం కదా, అందుకని కాచేది కాదు. ఆ ఆకుని ఎండిన ఆనపకాయ బుర్రలో వేసి, ఊటనీళ్ళు పోసి, ఒక పూటంతా కదపకుండా ఉంచేది. తొందరపడి పిసికితే చేదు దిగుతుంది. ఊరికే వదిలేస్తే రంగూ రుచీ వాటంతట అవే మెల్లగా దిగుతాయి. తర్వాత మామిడిపండు ముక్కలు, నేరేడుపళ్ళు, నలిపిన పుదీనా, కాస్త తేనె వేసేది. మోదుగాకు దొన్నెల్లో పోసి ఇచ్చేది.

మనింట్లోనూ అలాగే చేసుకోవచ్చు. పైన నాలుగు ఐసు ముక్కలు వేసుకుంటే ఇంకా బాగుంటుంది. మనకి ఫ్రిజ్ ఉంది. పాపం వాళ్ళకి ఐసు ఎక్కడిది?

ఈ టీ గవరమ్మకి నేర్పింది సన్నమ్మ అనే ముళ్ళపంది. గవరమ్మ చిన్నప్పుడే వాళ్ళమ్మ పోయింది. సన్నమ్మే పెంచింది. దగ్గరకి తీసుకుంటే ముళ్ళు గుచ్చుకుంటాయని, రెండడుగుల దూరంలో కూర్చుని అన్నీ నేర్పింది. ఏ పండు ఎప్పుడు కోయాలో, ఆకు ఎంతసేపు నాననివ్వాలో, అన్నీ. గవరమ్మ ఆమెని పిన్నీ అని పిలిచేది.

ఇప్పుడు సన్నమ్మ ముసలిదైపోయింది. ముళ్ళు సగం రాలిపోయాయి. తన బొరియ దాటి బయటికి రావడమే తగ్గిపోయింది.

ఆ ఏడు వేసవిలో ఒక వింత జరిగింది. ఒక మధ్యాహ్నం ఆకాశం ఉన్నట్టుండి నల్లబడి, టపటపా వడగళ్ళు పడ్డాయి. ఒక్కోటి ఉసిరికాయంత. అందరూ తల దాచుకోవడానికి పరుగెత్తారు. గవరమ్మ ఒక్కతే బయటికి పరుగెత్తింది. వీపు మీద దెబ్బలు పడుతున్నా లెక్కచేయకుండా రెండు చేతులా వడగళ్ళు ఏరింది. లోతుగా గొయ్యి తవ్వింది. కొండ కింద బియ్యం మిల్లు వెనక కుప్పగా పోసిన ఊక తెచ్చి, గొయ్యి అడుగున పరిచింది. వడగళ్ళు పోసి, పైన మళ్ళీ ఊక కప్పి, బండ మూత పెట్టింది.

"మృగశిర కార్తె వచ్చిన రోజు అడవంతా ఒకచోట చేరుతుంది కదా. ఆ రోజు అందరికీ ఐసు వేసిన టీ ఇస్తాను. గవరమ్మంటే ఎవరో అప్పుడు తెలుస్తుంది" అనుకుంది.

మృగశిరకి ఇంకా పది రోజులు ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే సన్నమ్మ మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. నాలుగడుగులు వేయడం, ఆగడం. నాలుగడుగులు వేయడం, ఆగడం.

"గవరీ, ఒళ్ళంతా మంటగా ఉందే అమ్మీ. గొంతు పొడారిపోయింది. ఏం తిన్నా దిగట్లేదు. వడగళ్ళు దాచావంట కదా? ఒక్క దొన్నెడు టీ చేసి, అందులో రెండు వేసి ఇస్తావా? చల్లటిది తాగి ఎన్నాళ్ళయిందో."

గవరమ్మకి జాలేసింది. కానీ గొయ్యి తెరవడానికి మనసు రాలేదు.

"పిన్నీ, మూత తీస్తే వేడిగాలి లోపలికి పోతుంది. అన్నీ కరిగిపోతాయి. మృగశిర రోజు తెరుస్తాను. మొదటి దొన్నె నీకే. సరేనా?"

సన్నమ్మ కాసేపు ఆ బండ వైపు చూసింది. "సరేలే. నువ్వు చెప్పిందీ నిజమే. కరిగిపోతాయి" అంది. వచ్చినదారినే వెళ్ళిపోయింది.

రెండు రోజులు గడిచాయి. అడవిపంది భద్రమ్మ ఆ దారిన పోతూ ఆగింది. భద్రమ్మకి ఎవరినైనా ఎత్తిపొడవకపోతే పొద్దుపోదు.

"ఏం గవరమ్మా, ఎండాకాలంలో ఐసు దాచావంట? మంచి మాటే. నేనూ మా గుంటలో చందమామని దాచాను, రా చూద్దువుగాని."

"నిజంగానే దాచాను వదినా."

"ఉంటే చూపించు. లేకపోతే ఊరుకో. పదిమందిలో చెప్పి నవ్వులపాలు కాకు."

గవరమ్మకి ఉక్రోషం వచ్చింది. ఏం ఆలోచించలేదు. బండ పక్కకి నెట్టి, ఊక తీసి చూపించింది. తెల్లగా మెరుస్తున్నాయి. భద్రమ్మ నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. మూతి లోపల పెట్టి వాసన చూసింది. "అబ్బ, ముక్కు జివ్వుమంది!" అంది. గవరమ్మ ఆ మాట కోసం మూత ఇంకాసేపు తీసే ఉంచింది.

ఆ సాయంత్రం కుందేలు చుక్కమ్మ వచ్చింది. చుక్కమ్మ సన్నమ్మ బొరియ పక్కనే ఉంటుంది. ఒంట్లో బాగోలేనప్పుడు చూసుకునేది తనే.

"గవరమ్మక్కా, పిన్నమ్మకి వేడి తగ్గట్లేదు. తడి ఆకులు కప్పుతున్నాను, ఇట్టే ఆరిపోతున్నాయి. నీ టీ మీదే మనసు పడింది. నువ్వు తెరవనన్నావని తను మళ్ళీ అడగదు. అందుకే నేనొచ్చాను. ఒక్క దొన్నె ఇవ్వక్కా."

అప్పటికి గొయ్యి తెరిచి మూసి ఒక్క పూటే అయింది. చుక్కమ్మకి ఆ సంగతి తెలీదు. గవరమ్మకి తెలుసు. తెలిసి కూడా ఏమందో చూడండి.

"ఇవ్వాలని నాకు లేదా చుక్కమ్మా? మూత తీస్తే మొత్తం పాడైపోతుంది. ఇంకో వారం ఓపిక పట్టమను. పిన్నికి నేను పరాయిదాన్నా?"

చుక్కమ్మ చెవులు వేలాడేసుకుని వెళ్ళిపోయింది.

ఆ మర్నాడు నెమలి సింగారయ్య వచ్చాడు. మృగశిర సంబరం ఏర్పాట్లన్నీ ఆయనవే.

"గవరమ్మగారూ, భద్రమ్మ చెప్పింది. నమ్మలేకపోతున్నాను. ఒక్కసారి చూపిస్తే సంబరంలో మీ పేరు అందరికంటే ముందు పిలిపిస్తాను" అన్నాడు.

గవరమ్మని గారూ అని పిలిచినవాళ్ళు అంతవరకు ఎవరూ లేరు. వెంటనే మూత తీసింది. సింగారయ్య ఒక వడగల్లు ముక్కుతో అందుకుని, "ఆహా!" అని కళ్ళు మూసుకున్నాడు. ఇంకోటి అందుకున్నాడు. ఇంకోటి కూడా. గవరమ్మ వద్దనలేదు. అప్పటికే వడగళ్ళు ఉసిరికాయంత లేవు. శనగగింజంత అయ్యాయి. అది ఆమె చూసింది. చూసి, పైన ఇంకాస్త ఊక పోసింది.

ఆ తర్వాత జింకలు గుంపుగా వచ్చాయి. "మాకూ చూపించమ్మా, మా పిల్లలు ఐసు ఎప్పుడూ చూడలేదు" అన్నాయి. వాటికీ చూపించింది. పిల్లజింకలు ఎగిరి గంతులేశాయి. "గవరమ్మత్త గొప్పది! గవరమ్మత్త గొప్పది!" అని అరిచాయి. ఆ రోజంతా గవరమ్మ కాళ్ళు నేల మీద ఆనలేదు.

మర్నాడు పొద్దున చుక్కమ్మ మళ్ళీ కనిపించింది. గవరమ్మ దగ్గరికి రాలేదు. ఊట దగ్గర ఆకులు తడుపుకుంటోంది.

గవరమ్మే పలకరించింది. "పిన్ని ఎలా ఉంది?"

"ఉంది."

"టీ అడుగుతోందా?"

చుక్కమ్మ తలెత్తకుండానే చెప్పింది. "అడగట్లేదక్కా. నిన్నటి నుంచి ఏమీ అడగట్లేదు. నీళ్ళు కూడా."

పిన్ని అడిగినన్నాళ్ళూ గవరమ్మకి ఏమీ అనిపించలేదు. అడగడం మానేసిందంటే భయం పట్టుకుంది.

పరుగెత్తుకుంటూ వచ్చి బండ తోసేసింది. ఊక తీసింది. తడిగా ఉంది. ఇంకా తీసింది. ఇంకా తడిగా ఉంది. రెండు చేతులతో అడుగు దాకా తోడింది. చేతికి బురదా ఊకా తప్ప ఇంకేం తగల్లేదు. ఒక్కటంటే ఒక్క వడగల్లు లేదు.

"ఒక్కసారి తెరిచి పిన్నికి ఇచ్చుంటే..." అంది గవరమ్మ. మూడుసార్లు తెరిచింది. మూడుసార్లూ ఎవరి కోసం తెరిచిందో ఆమెకి గుర్తుంది.

టీ అయినా చేద్దామని లేచింది. ఆకు కూడా నానబెట్టి లేదు. మృగశిరకి ఇంకా రోజులున్నాయి కదా అని నానబెట్టలేదు. ఇప్పుడు పూటంతా ఆగే టైము లేదు. ఆకు నీళ్ళలో వేసి, రెండు చేతులతో పిసికింది. తొందర పెడితే చేదు దిగుతుందని తెలుసు. ఆ సంగతి చెప్పింది పిన్నే. అయినా పిసికింది. మామిడిముక్కలు వేసింది, తేనె ఎక్కువ వేసింది. దొన్నెలో పోసుకుని, ఒలికిపోతుందేమోనని చూసుకుంటూ, పరుగెత్తాలో నడవాలో తెలియక తడబడుతూ వెళ్ళింది.

సన్నమ్మ బొరియ గుమ్మంలో పడుకుని ఉంది. చుక్కమ్మ పక్కనే కూర్చుని తడి ఆకులు కప్పుతోంది. కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి.

"పిన్నీ, నేను. గవరిని. టీ తెచ్చాను."

"తెచ్చావా అమ్మీ" అంది సన్నమ్మ. గొంతు వినిపించీ వినిపించనట్టుంది. "మృగశిర వచ్చేసిందా అప్పుడే?"

గవరమ్మ దొన్నె మూతి దగ్గర పెట్టింది. సన్నమ్మ నాలుకతో రెండుసార్లు అందుకుంది. అంతకంటే తాగలేకపోయింది.

ఎండలో మోసుకొచ్చిన టీ అది. వెచ్చగా ఉంది. చేదుగా ఉంది. పెదవి తగిలితే ఎవరికైనా తెలిసిపోతుంది. టీ చేయడం నేర్పినదానికి తెలియదా?

సన్నమ్మ గవరమ్మ మొహం వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"చల్లగా ఉందే అమ్మీ" అంది. "హాయిగా ఉంది. బాగా చేశావు."

గవరమ్మ తల నేలకి ఆనించేసింది. చెప్పేద్దామనుకుంది. పిన్నీ, అది చల్లగా లేదు. వడగళ్ళు ఉన్నప్పుడు నేనే నీకు ఇవ్వలేదు. వాళ్ళకీ వీళ్ళకీ చూపించుకుని కరిగించేశాను. తప్పయిపోయింది. ఇవన్నీ వరసగా మనసులో అనుకుంది. ధైర్యం తెచ్చుకుని తలెత్తింది.

"పిన్నీ" అంది.

సన్నమ్మ కళ్ళు మూసుకుని ఉంది. చుక్కమ్మ ముందుకి వంగి, ముక్కు దగ్గర చెవి పెట్టి విని, మెల్లగా వెనక్కి జరిగింది. "పోయిందక్కా" అంది.

"మళ్ళీ ఒక్కసారి పిలుస్తాను" అంది గవరమ్మ. పిలిచింది. ఎన్నిసార్లు పిలిచిందో చుక్కమ్మ లెక్కపెట్టలేదు.

ఆ ఏడు మృగశిర సంబరానికి గవరమ్మ వెళ్ళలేదు. సింగారయ్య ఆమె పేరు పిలిచాడంట, ఎవరూ పలకలేదంట. ఆ తర్వాత కూడా ఆమె టీ చేస్తూనే ఉంది. ఇదివరకటికంటే బాగా చేసేది. తాగినవాళ్ళు, "భలే ఉంది గవరమ్మా!" అనేవాళ్ళు. అలా అన్నప్పుడల్లా ఆమె మొహం పక్కకి తిప్పుకునేది. ఎందుకో ఎవరికీ తెలియదు. చుక్కమ్మకి తెలుసు, కానీ ఆమె ఎవరితోనూ అనలేదు.

నీతి: మనవాళ్ళు అడిగింది అడిగినప్పుడే ఇవ్వాలి. పొగిడేవాళ్ళ కోసం దాచుకుంటే, తర్వాత ఇద్దామన్నా తీసుకునేవాళ్ళు ఉండరు.