పెత్రక్క పొయ్యిలో పెట్టిన పలక

అనగా అనగా, ఎన్ని సముద్రాలు దాటాలో నన్నడక్కండి, మెక్సికో అని ఒక దేశం. ఆ దేశంలో ఒక ఏరు. ఏటి పక్కన మొక్కజొన్న పండించుకు తినే ఒక ఊరు. ఆ ఊళ్ళో పెత్ర అనే ఆవిడ ఉండేది. ఊరందరికీ పెత్రక్క. చెక్క పలక మీద ఉలితో బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీసేది. కొవ్వొత్తుల పొట్లాల మీద పువ్వులు, పండగలకి దేవతల బొమ్మలు, అదే ఆవిడ బతుకు. ఇదీ ఒక పనేనా అంటారు మీరు. ఒక్క పూట కూచుని చెక్కి చూడండి, వేళ్ళు ఎన్ని మిగులుతాయో.

అచ్చు పనిలో ఒక తిరకాసుంది. పలక మీద కుడివైపు చెక్కింది కాగితం మీద ఎడమకి వస్తుంది. ఎడమది కుడికి పోతుంది. అందుకని పెత్రక్క అద్దం పెట్టుకుని, అద్దంలో కనబడినట్టు చెక్కేది. "నా అచ్చు ఏనాడూ తిరగబడలేదు" అనేది. ఆవిడకి ఉన్న గర్వం అదొక్కటే.

ఇలా ఉండగా ఏటి ఎగువన చక్కెర మిల్లు వచ్చింది. మిల్లు దొర ఏటికి అడ్డుకట్ట వేసి నీళ్ళన్నీ తన చెరకుకి తిప్పుకున్నాడు. ఊళ్ళో మొక్కజొన్న ఎండిపోయింది. ఒకసారి వెళ్ళి అడిగితే తోలేశారు. రెండోసారి అడిగితే కొట్టారు. మూడోసారి అడగడానికి చెంచో ముందుకొచ్చాడు. బెల్లం వండుకునే మనిషి. ఎప్పుడో కాగే పాకం చింది ఎడమ చెంప మీద పెద్ద మచ్చ పడింది. అతని మాటంటే చుట్టుపక్కల ఊళ్ళకి గురి.

"ఈసారి చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలి రావాలి. కాగితం రాస్తే మనలో చదివేదెవరక్కా? నువ్వు బొమ్మ వెయ్యి" అన్నాడు చెంచో.

పెత్రక్క ఎండిన ఏటి బొమ్మ వేసింది. ఊళ్ళు నిట్టూర్చాయి. పొట్ట పగిలేట్టు నీళ్ళు తాగుతున్న దొర బొమ్మ వేసింది. ఊళ్ళు నవ్వాయి. నవ్వి ఎవరి ఇంటికి వాళ్ళు పోయారు. "చెంచో బొమ్మే వెయ్యి పెత్రక్కా. అతని మొహం చూస్తే కదులుతారు" అన్నారు జనం.

చెంచో వచ్చి ఎదురుగా కూచున్నాడు. సంత మర్నాడే. ఆ తొందరలో పెత్రక్క అద్దం సంగతే మరిచిపోయింది. కంటికి కనబడినట్టే చెక్కేసింది. అచ్చు తీస్తే మచ్చ కుడి చెంప మీద పడింది.

"బాగానే ఉందిగా అక్కా" అన్నాడు చెంచో.

"మచ్చ తప్పు చెంప మీద పడింది."

"ఏ చెంపైతే ఏం? ఎవరు చూడొచ్చారు?"

"నేను చూశానుగా" అంది పెత్రక్క.

ఆ పలకని రెండు ముక్కలు చేసి పొయ్యిలో పెట్టింది. అద్దం తెచ్చుకుని రెండో పలక చెక్కింది. మచ్చ కుదిరింది, కనుబొమ కుదర్లేదు. అదీ పొయ్యిలోకే పోయింది. మూడో పలక అచ్చు చూసి చెంచో భార్య యుఫేమియా "అచ్చం మా ఆయనే" అని మురిసిపోయింది. అయ్యో, ఆ మొదటి పలక ఉంచేసుకుంటే ఎంత బాగుండేది! ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో. చెప్పిన ప్రతిసారీ ఇక్కడికొచ్చేసరికి ఆ పొయ్యి ఆర్పెయ్యాలనిపిస్తుంది.

సంతలో ఏ గోడ చూసినా చెంచోనే. జనం కదిలారు. దొర సిపాయిలు కూడా గోడ మీద కాగితం ఒకటి చింపుకుపోయారు. అంతవరకూ వాళ్ళకి చెంచో పేరే తెలుసు, మొహం తెలీదు. అక్కడి మగవాళ్ళందరూ కళ్ళ దాకా దిగే గడ్డి టోపీలే పెట్టుకుంటారు మరి.

సిపాయిలు ఏటి దారిలో కాపు కాశారు. మొదటి మనిషి చేత టోపీ తీయించారు, కాగితంతో పోల్చారు, పొమ్మన్నారు. రెండో మనిషి చేత టోపీ తీయించారు, కాగితంతో పోల్చారు, పొమ్మన్నారు. మూడో మనిషి చెంచో.

"నేను కాదయ్యా. నేను బెల్లం అమ్ముకునేవాణ్ణి" అన్నాడు.

జమాదారు కాగితాన్ని అతని మొహం పక్కన పట్టుకుని చూశాడు. "ఎడమ చెంప. వీడే. చెక్కినవాడెవడో గానీ గొప్ప పనివాడు" అన్నాడు. అక్కడే కాల్చేశారు.

చెంచోని మోసుకుని ఊళ్ళకి ఊళ్ళు మిల్లు మీదికి నడిచాయి. దొర సగం నీళ్ళు వదిలాడు. సగమే.

పెత్రక్కని ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఆవిడ ఉలి ముట్టడం మానేసింది. ఆ దేశంలో ఏడాదికోసారి పోయినవాళ్ళు ఇంటికొస్తారని పండగ చేస్తారు. వాళ్ళ బొమ్మ పెట్టి, బంతిపూలు పెట్టి, ఇష్టమైనది వండి పెడతారు. ఆ పండగ ముందు యుఫేమియా వచ్చి గుమ్మంలో నిలబడింది. పెత్రక్క తలెత్తలేదు.

"వదినా, ఆ పలక ఉందా?"

"ఉందమ్మా."

"ఒక్క అచ్చు తీసివ్వు. మా ఇంట్లో ఆయన బొమ్మంటూ లేదు."

పెత్రక్క అచ్చు తీసి ఇచ్చింది. యుఫేమియా ఆ ఎడమ చెంప మీద చెయ్యి పెట్టింది. సిరా ఆరలేదు, వేళ్ళకి అంటింది. తుడుచుకోలేదు. "ఎంత బాగా చెక్కావు వదినా" అంది. జమాదారు కూడా ఆ మాటే అన్నాడని పెత్రక్క విని ఉంది. ఆ రెండు మాటలూ ఆవిడ పోయేదాకా మరిచిపోలేకపోయింది.

ఉలి మళ్ళీ పట్టింది గానీ, బతికున్నవాళ్ళ బొమ్మకి అద్దం పెట్టుకోలేదు. మచ్చ గానీ, పుట్టుమచ్చ గానీ, కావాలనే తప్పు వైపుకి పోనిచ్చేది. మనిషి పోయాక అద్దం తీసి, కొత్త పలక మీద సరిగ్గా చెక్కి ఇంటివాళ్ళకి ఇచ్చేది.

పెత్రక్క పోయి ఎన్నేళ్ళయిందో. ఆ ఏటి పక్క ఊళ్ళలో కొత్తగా పని నేర్చుకునేవాళ్ళ అచ్చు తిరగబడితే ఈనాటికీ ఎవరూ కోప్పడరు. "పెత్రక్క చూసుకుంటుంది, ఉండనీ" అంటారు. గోడ మీది బొమ్మలో మచ్చ ఒకరోజు సరైన చెంపకి మారి కనబడితే మాత్రం, దారిన పోయేవాళ్ళు ఆగి టోపీలు తీస్తారు. ఏమైందని అడగరు. ఆ మనిషి ఇంటివాళ్ళని పలకరించడానికి దారి పడతారు.