గండపెండేరానికి ముడుచుకున్న కాలు

మీరు ఊఁ కొట్టడం మానేస్తే నా కథ ఆగిపోతుంది, ముందే చెబుతున్నా! అనగనగా రత్నగిరిలో ఒక రాజుగారికి ముగ్గురు కొడుకులు. పక్క రాజ్యపు రాకుమారి కువలయ తనను పెళ్లాడనన్నదని కాలదంష్ట్రుడనే మాంత్రికుడు ఆమెను రాతిబొమ్మను చేశాడు. వాడి ప్రాణమేమో ఏడు సముద్రాల అవతలి దీవిలో, ఒక చిలుకలో ఉంది. చిలుక చస్తే గాని కువలయ కళ్లు తెరవదు. పెద్దకొడుకు మొదటి సముద్రాన్ని చూసి జ్వరమొచ్చిందన్నాడు. రెండోవాడు అన్నకు సేవ చెయ్యాలన్నాడు. మూడోవాడు మణికేతు వెళ్లాడు, చిలుకను చంపి తిరిగొచ్చాడు. కువలయ కళ్లు తెరిచింది.

ఇక పెళ్లే. అయితే ఆమె రాజ్యంలో ఒక ఆచారం ఉంది. పెళ్లికొడుకు కాలికి ముందు గండపెండేరం తొడగాలి. అంటే వీరులకిచ్చే బంగారు కడియం. వందిమాగధులు మూడు బిరుదులు చదువుతారు. ఒక్కొక్క బిరుదుకూ అతను "ఔను, నేనే" అనాలి.

నిండుసభలో మొదటి బిరుదు చదివారు.

"ఏడు సముద్రాలు దాటిన వీరాధివీరుడా!"

మణికేతుకు ముసలి తాబేలు గుర్తొచ్చింది. ఏడు సముద్రాలూ ఈదింది అది. తను దాని వీపు మీద కూర్చుని కునుకు తీశాడు.

"ఔను, నేనే" అన్నాడు మెల్లిగా.

"ఏడు తాళాల గదిలో దూరిన యుక్తిశాలీ!"

చిలుకను దాచిన ఆ గది గోడకు కన్నం వేసింది చిట్టెలుక. సొమ్మొకడిది, సోకొకడిది! మణికేతు చెవులు సిగ్గుతో వేడెక్కాయి.

"ఔను... నేనే."

"ఆపదలో ఎవరినీ విడవని ధీరుడా!"

ముందుకు చాచాల్సిన కాలు వెనక్కి ముడుచుకుంది. భూమి చీలితే అందులో దూరిపోదామనిపించింది.

"మహారాజా, నేను కాదు" అంటూ జరిగింది చెప్పాడు.

ఆ రోజు మాంత్రికుడు మీదికొస్తుంటే తాబేలు అడ్డంపడింది. వాడు దాన్ని తన్ని వెల్లకిలా పడేశాడు. ఆ సందులోనే మణికేతు చిలుక మెడ నులిమాడు. వాడు కూలగానే కొండ గడగడలాడింది. దీవి మునిగిపోతుందని మణికేతు ఒడ్డునున్న మాంత్రికుడి మంత్రపు పడవ వైపు పరుగెత్తాడు. "నాయనా, ఒక్క చెయ్యి వెయ్యి!" అని తాబేలు మూడుసార్లు పిలిచింది. మూడుసార్లూ వినబడింది. పడవెక్కి చూస్తే కొండ సద్దుమణిగింది, దీవి దీవిలాగే ఉంది. అప్పుడూ తిరిగి వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళతాడు?

కువలయ తండ్రి నవ్వేశాడు. "తాబేలేగా నాయనా! ఎవరు చూశారు గనక?"

"తాబేలు చూసింది మహారాజా."

అప్పుడు కువలయ లేచింది. "రాయినై ఉన్నన్నాళ్లూ నాకు అన్నీ వినబడేవి. కదల్లేక పడి ఉండడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. వెళ్లండి. ఆ తాతను తీసుకొస్తేనే మన పెళ్లి."

మాంత్రికుడు చచ్చాక పడవలో మిగిలిన కాస్త మంత్రమూ అతన్ని ఇల్లు చేర్చేసరికే అయిపోయింది. మణికేతు ఏడు సముద్రాలూ తెడ్డేసుకుంటూ వెళ్లాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. అంతకంటే ఆ పిలుపే ఎక్కువ బాధపెట్టింది.

తాబేలు అలాగే వెల్లకిలా ఉంది, కొన ఊపిరితో. చిట్టెలుక ఆకుతో నీళ్లు తెచ్చి పోస్తోంది. కాళ్ల మీద పడదామంటే, నాలుగు కాళ్లూ ఆకాశంలోకి ఉన్నాయి! మణికేతు బావురుమన్నాడు.

"ఏడుపు తర్వాత, ముందు నన్ను తిప్పవయ్యా" అంది తాబేలు.

రెండు చేతులూ వేసి తిప్పాడు. ఎంతసేపు పట్టిందనుకున్నారు? మీరు ఒక్క ఊఁ కొట్టినంతసేపు.

"తాతా, ఆ రోజు నీ పిలుపు నాకు వినబడింది" అన్నాడు తల ఎత్తకుండా.

"తెలుసు నాయనా. విన్నవాడివి కనకే వస్తావని చూస్తున్నా."

పెళ్లి ఘనంగా జరిగింది. గండపెండేరం తాబేలు కాలికి పడింది. చిట్టెలుక దాని వీపెక్కి ఊరేగింది. మణికేతు, కువలయ అరవై ఏళ్లు చల్లగా ఏలారు. రోజూ కొలువులో వందిమాగధులు చదివే మొదటి బిరుదు మాత్రం ఒక్కటే.

"తాబేలును వెల్లకిలా వదిలి పారిపోయినవాడా!"

"ఔను, నేనే" అనేవాడు రాజు, తల వంచుకుని.

"తిరిగొచ్చినవాడా అని కూడా చదవండయ్యా!" అని గొణిగేది పక్కనే ఉన్న తాబేలు. అరవై ఏళ్లలో రాజు ఒక్కనాడూ అది చదవనివ్వలేదు.