రాగం కోసేసిన తాటాకు

ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజుగారు ఏలుతుండేవారు. ఏలడం ఆయనకు బాగానే వచ్చు, పాడటమే రాదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఆయనకు తప్ప.

ఒకనాడు రాజుగారు స్వయంగా ఒక పాట కట్టి, దాని స్వరాలు తాటాకు మీద రాయించి, ఆస్థాన వైణికుడు సోమిదేవయ్య చేతిలో పెట్టారు.

"ఇది ఏ రాగమో ఆకు చూసి చెప్పాలి. నన్ను పాడమనకూడదు. రేపు మధ్యాహ్నం దాకా గడువు. చెప్పలేకపోయావో, నీ వీణ మా కోటలోకి, నువ్వు పొలిమేర అవతలికి!"

సోమిదేవయ్య ఇంటికొచ్చి ఆకును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. స, రి, గ, ప, ద. ఈ ఐదక్షరాలే ముందుకీ వెనక్కీ నడుస్తున్నాయి. మోహన అనుకుంటే మోహన. భూపాలం అనుకుంటే భూపాలం. వీణ మీద 'రి'కి రెండు మెట్లున్నాయి, కిందిదొకటి, పైదొకటి. 'గ' అంతే, 'ద' అంతే. ఏ మెట్టు నొక్కాలో అక్షరం చెప్పదు. అందుకే పాట రాసుకున్నవాళ్ళు ఆకు మొదట్లో రాగం పేరు కూడా రాసుకుంటారు. తీరా చూస్తే, ఆ మొదలు కాస్తా నున్నగా కోసేసి ఉంది!

తాతగారి చేతుల్లోంచి వచ్చిన వీణ వంక చూస్తే అతని గుండె నీరైపోయింది.

"ఏం బాబాయ్, ఆకుతో మంతనాలేమిటి?" అంటూ వచ్చాడు కొండిభొట్లు. కొలువులో రాజుగారిని నవ్వించడమే అతని ఉద్యోగం.

కథంతా విని తల గోక్కున్నాడు. "రేపు మా ఇంట్లో విందు. నువ్వూ రా."

"ఒరేయ్, నా వీణ పోతుంటే నీకు విందేమిట్రా?"

"పనసపొట్టు కూర, బాబాయ్!"

సోమిదేవయ్యకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

మర్నాడు కొలువులో కొండిభొట్లు రాజుగారికి ఒక తాటాకు అందించాడు. "మహాప్రభూ, విందుకు వేంచేయాలి. మా ఇంటి దారి ఇందులో ఉంది. ఎవర్నీ అడక్కుండా ఆకు చూసి రావడం మీబోటివారికి ఎంత పని? వీణ బాబాయి జవాబు కూడా అక్కడే విందురుగాని."

"నా ఊళ్ళో నాకు దారి అడిగే ఖర్మేమిటోయ్!" అని మీసం దువ్వి బయల్దేరారు రాజుగారు. వెనకే సోమిదేవయ్య. అతని బుర్రలో మోహనా భూపాలమూ జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నాయి.

ఆకులో ఇలా ఉంది: 'కోట గుమ్మం దాటి తిరగాలి. కొంత నడిచి తిరగాలి. మళ్ళీ నడిచి తిరగాలి. ఇంకోసారి తిరిగితే మా ఇల్లు.'

రాజుగారు కుడికి తిరిగారు. మళ్ళీ కుడికి, మళ్ళీ కుడికి. నాలుగోసారి తిరిగేసరికి ఎదురుగా ఏనుగు.

"కొండిభొట్లు కూడా ఏనుగును పెంచుతున్నాడా?"

"అది మన ఏనుగే ప్రభూ. ఇది మన కోట దొడ్డిగుమ్మం."

రాజుగారు గతుక్కుమని ఈసారి ఎడమకు తిరిగారు. తరవాత కుడికి, ఆపైన ఏదో గుర్తులేదు. అద్దకంవాళ్ళ నీలిమందు తొట్టిలో మోకాటిదాకా దిగబడ్డారు. కొండిగాడు నన్ను కాపాడుతున్నాడా, నాతోపాటు తనూ దేశం వదిలే ఏర్పాటు చేసుకుంటున్నాడా అని సోమిదేవయ్య అయోమయంలో పడ్డాడు.

అంతలో సందు మలుపులో కొండిభొట్లు ప్రత్యక్షమయ్యాడు. "ప్రభూ! కూర చల్లారిపోతోంది!"

"ఓరి నీ తెలివి తగలెయ్య!" అని నీలికాలు నేలకేసి కొట్టారు రాజుగారు. "తిరుగు, తిరుగు అని రాస్తే సరిపోయిందా? ఎటు తిరగాలో రాయొద్దూ? ఎంత బుద్ధిమంతుడికైనా ఇది తెలుస్తుందిట్రా?"

"తెలియదు ప్రభూ," అన్నాడు కొండిభొట్లు చేతులు కట్టుకుని. "మీ ఆకులో 'రి' అని ఉంది. కింది 'రి'యా, పై 'రి'యా? పాపం బాబాయి నిన్నట్నుంచీ మీలాగే తిరుగుతున్నాడు. ఆయన కాలికి రంగు అంటలేదు, అంతే తేడా."

రాజుగారు కాలు చూసుకున్నారు. సోమిదేవయ్య వంక చూశారు.

సోమిదేవయ్యకు అప్పటికి తలకెక్కింది. ధైర్యం కూడా వచ్చింది. "ఒక్క వరస పాడండి ప్రభూ, చిటికెలో చెప్తాను."

రాజుగారు గొంతు సవరించుకుని పాడారు. అద్దకంవాళ్ళు పని ఆపేశారు. సోమిదేవయ్య కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు.

"ఇందాకటిదాకా రెండు రాగాల మధ్యే తికమకపడ్డాను ప్రభూ. ఇప్పుడు మూడోది కూడా తయారైంది."

అందరూ ఊపిరి బిగబట్టారు. రాజుగారి మీసాలు ముందు వణికాయి, తరవాత బొజ్జ వణికింది, ఆపైన పగలబడి నవ్వారు. తాంబూలపు పెట్టెలోంచి ఆకు ముక్క తీసి చూపించారు. 'మోహన' అని ఉంది.

"వీణ నీ దగ్గరే ఉండనీ సోమిదేవయ్యా. ఇకమీదట ఏ ఆకు మొదలూ కోయను. ఒరే కొండీ, నీకు పట్టుశాలువా ఇస్తున్నాను. దారి విను. గుమ్మం దాటి తిరుగు. కొంత నడిచి తిరుగు. ఎవర్నీ అడక్కూడదు సుమా!"

ఆ శాలువా కొండిభొట్లుకు మూడోనాడు దొరికింది. ఏనుగు దంతానికి వేలాడుతూ.