తన ఊరు తెలియని గది

విజయనగరం జిల్లాలో కంప్యూటర్ భద్రత తెలిసినవాళ్లలో నేనే మొదటివాణ్ణి. లెక్క తీసిందీ నేనే, వరసలో నిలబడిందీ నేనొక్కణ్ణే.

మా గురువు హైమవతి మేడం ప్రశ్నకు జవాబు చెప్పరు. "పని కానీ, అదే చెబుతుంది" అంటారు. ఆవిడ కంప్యూటర్ లోపల రెండు గదులున్నాయి, అంటే దేనికదే విడిగా నడిచే రెండు ఉత్తుత్తి కంప్యూటర్లు. ఒకటి రాసుకునే గది. దానికి బయటి ప్రపంచంలోకి తలుపే లేదు. అందులో రాసింది రెండోదైన వాకిలి గది అందుకుని, ముక్కూమొహం తెలియని నాలుగు చేతులు మార్చి నెట్‌లోకి పంపుతుంది. అందువల్ల రాసే గదికి తాను ఏ ఊళ్లో ఉందో కూడా తెలియదు.

"మన గదిని మనమే గుడ్డిదాన్ని చేసుకోవడమేంటండీ? దానిమీద నమ్మకం లేదా?" అని ఒకనాడు అడిగాను. "పని కానీ," అన్నారావిడ.

ఆ వారమే మా చిన్నాన్న భార్య, సన్యాసమ్మ పిన్ని వచ్చింది. ఆమె నర్సు. తన ఆసుపత్రిలో ఒకసారి వాడి పారేయాల్సిన సూదుల్ని మళ్లీ వాడుతున్నారు. అది మానండని, పేరు పెట్టకుండా, ఆ గదిలోంచే యాజమాన్యానికి ఉత్తరం రాసింది. రాసిందెవరో తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది.

మూడోనాడు "విచారణ పత్రం" అంటూ జవాబొచ్చింది. నేను ఆత్రంగా తెరిచేశాను. అది పత్రం కాదు, ఎర. లోపల దాక్కున్న వేగు ప్రోగ్రాం మా చిరునామా కోసం గదంతా గాలించడం మొదలుపెట్టింది.

"ఏట్రా, నా ఉజ్జోగం పోయినట్టేనా?" పిన్ని కుర్చీలోంచి దిగ్గున లేచింది.

"కూర్చోండమ్మా. వెతకనివ్వండి," అన్నారు మేడం.

వెతికింది. దొరికిందల్లా మన దేశపు వేళ చూపని ఓ గడియారం, ఇలాంటి కంప్యూటర్లన్నిటికీ ఉండే ఒకే పేరు, పక్కనున్న వాకిలి గది నెంబరు. మా ఊరి జాడ వేటిలోనూ లేదు. అంతే. మేడం ఆ గదిని మొత్తం చెరిపేసి కొత్తది తెరిచారు. పిన్ని కొంగుతో కళ్లొత్తుకుంది. నాకైతే ఛాతీ చొక్కాలో పట్టలేదు. ఆ గదుల్ని ఆ కంప్యూటర్‌లోకి ఎక్కించిన చేతులు నావేనాయె!

ఇక ఒప్పుకోక తప్పనిది ఒకటుంది. ఆ ఊపులోనే కొత్త గదిలో కూర్చుని ఆసుపత్రివాళ్లకో జవాబు కొట్టాను: "అయ్యా, మా గోడ దాటడం మీ తరమే కాదు, మీ తాతల తరమూ కాదు." కింద, ఇంటిపేరుతో సహా, దర్జాగా సంతకం: కిల్లంపూడి పైడిరాజు. ఆ ఆసుపత్రిలో కిల్లంపూడివాళ్లు ఒక్కరే ఉన్నారు. మా పిన్ని.

పంపబోతున్న నా వేలిని మేడం గాల్లోనే పట్టుకున్నారు.

"గదికి తెలీదు గనక చెప్పలేదురా," అన్నారు. "నీకు తెలుసు."