తంపులు పెట్టిందెవరు?

చెరువు నీళ్ళు ముందు మీకేనని ఎగువపల్లెకూ, మీకేనని దిగువపల్లెకూ విడివిడిగా మాటిచ్చాడు అధికారి వీరభోగప్ప. రెండు పల్లెలూ కొట్టుకుంటూ, తీర్పు కోసం అతని గుమ్మానికే కానుకలు మోసేవి. బుట్టలమ్ముతూ రెండు చోట్లా తిరిగే మేదరి సుంకులమ్మ ఈ సంగతి పసిగట్టి, ఇక్కడిచ్చిన మాట అక్కడ, అక్కడిచ్చిన మాట ఇక్కడ చెప్పేసింది.

భోగప్ప మండిపడి ఆమెను రాజు ముందుకు ఈడ్పించాడు. "మహాప్రభూ, ఇది తంపులమారిది. నాలుక కోయించండి!"

సుంకులమ్మ తల దించలేదు. "తంపులు పెట్టడమంటే ఏమిటి దొరా?"

"కలిసున్నవాళ్ళను విడగొట్టడం! ఆ మాత్రం తెలీదూ?"

"అయితే రాజా, బయట రెండు పల్లెల జనమూ ఉన్నారు. పిలిపించండి."

నిన్నటిదాకా కర్రలెత్తిన వాళ్ళు భుజాలు రాసుకుంటూ లోపలికొచ్చారు. నీళ్ళు చెరిసగం పంచుకుంటాం, ఈ అధికారి మాత్రం మాకొద్దు అన్నారు.

"నేను నోరు విప్పాక వీళ్ళు కలిశారు. అంతకుముందు విడగొట్టిందెవరో, దొరగారు చెప్పిన అర్థంతోనే తేల్చండి," అంది సుంకులమ్మ.

రాజు అక్కడికక్కడే భోగప్ప కొలువు ఊడబీకాడు. అతను వెళ్తూ వెళ్తూ పళ్ళు నూరాడు. "నోరు మూసుకుని పడుండలేకపోయావా?"

"ఇన్నేళ్ళూ మూసుకునే ఉన్నాం. అందుకేగా మీరు దొరలయ్యారు!"